నేల మరిచిన కాళ్లు: పదకొండు వారాలు మంచం పట్టిన ఒక చీనీ రైతు కేసు

రోగి వయసు 61 ఏళ్లు. అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం మండలంలో ఆరెకరాల రైతు. నాలుగెకరాల్లో చీనీ (బత్తాయి) తోట, తక్కిన రెండెకరాల్లో వేరుశనగ. 2025 మే నెలలో లారీకి కాయలు ఎత్తిస్తూ పైనుంచి జారి పక్కకు పడ్డారు. ఎడమ తుంటి కీలు గిన్నె విరిగింది. తలకూ చిన్న దెబ్బ తగిలింది కానీ స్కానింగులో ఏమీ కనిపించలేదు. ఆపరేషన్ చేయకుండా, కాలికి బరువు కట్టి లాగి ఉంచే ట్రాక్షన్ పద్ధతిలో ఆరు వారాలు ఆసుపత్రి మంచం మీద ఉంచారు. ఇంటికి పంపేటప్పుడు "ఇప్పుడే కాలు కింద పెట్టవద్దు" అన్నారట. ఆ మాటను ఇంటిల్లిపాదీ భయంతో పట్టుకున్నారు. ఎప్పటిదాకా పెట్టకూడదో వీళ్లు అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అలా మరో ఐదు వారాలు గడిచాయి. ఆగస్టు మొదట్లో నాకు ఫోను వచ్చేనాటికి ఆయన పడుకుని పదకొండు వారాలు.

నేను అనంతపురంలో పద్నాలుగేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఈ కేసును ఆయన అనుమతితో రాస్తున్నాను. ఊరి పేరు, గుర్తుపట్టగలిగే మరికొన్ని వివరాలు వదిలేశాను. ఎముక చక్కగా అతికింది. ఎక్స్‌రే చూసిన ఎముకల వైద్యుడు నెమ్మదిగా కాలి మీద బరువు వేయించవచ్చని రాసిచ్చారు. ఎముక గురించి ఇక చెప్పవలసింది లేదు. అది అతికాక కూడా మనిషి నిలబడలేకపోవడం గురించే ఈ రాత.

మొదటి రోజు

వరండాలో నవారు మంచం. ఆయన దాని మీద వెల్లకిలా పడుకుని దూలాల వైపు చూస్తున్నారు. ఎడమ పిక్క కాస్త ఉబ్బినట్టు అనిపించడంతో ఆ రోజు ఇంకేమీ చేయించకుండా టౌనుకు పంపి, సిరల్లో రక్తం పారుతోందో లేదో చూపే డాప్లర్ స్కానింగు తీయించాను. ఇన్ని వారాలు పడుకున్నవాళ్ల కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది తేల్చుకోకుండా లేపితే ప్రాణానికే ముప్పు. గడ్డలు లేవని రిపోర్టు వచ్చాక మర్నాడు పని మొదలుపెట్టాం.

పడుకుని ఉండగా రక్తపోటు 128/78, నాడి 82. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోబెట్టాక మూడో నిమిషంలో 104/68. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నిలబెట్టాం. ఒక్క నిమిషంలో 92/60, నాడి 118. నుదుటి మీద చెమట పట్టింది, కళ్లు బైర్లు కమ్ముతున్నాయన్నారు. వెంటనే పడుకోబెట్టాం. నిలబడిన మూడు నిమిషాల్లోగా పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే దాన్ని వ్యాధి లక్షణంగానే తీసుకోవాలి. ఈయనకు పై అంకె 36 తగ్గింది.

తేరుకున్నాక ఆయన అన్న మాట నా నోట్సులో అలాగే రాసుకున్నాను: "కింద నేల ఉంది, తెలుస్తోంది. కానీ లేనట్టే ఉందమ్మా."

ఆ రోజు గమనించిన మరో సంగతి ఆయన భార్య చూపించింది. ఆయన అరికాలు తన చేతిలోకి తీసుకుని, "చూడండి మేడం, చంటిబిడ్డ కాలు లాగా అయిపోయింది" అంది. నలభై ఏళ్లు చెప్పుల్లేకుండా పొలం తిరిగిన కాలు అది. మడమ మీద ఉండవలసిన దళసరి చర్మం పొరలు పొరలుగా ఊడిపోయి, అడుగున గులాబీ రంగు మెత్తటి చర్మం బయటపడింది. నా గోటితో మెల్లగా గీస్తే కాలు ఒక్కసారిగా లాక్కున్నారు. అంతరిక్ష కేంద్రంలో నెలల తరబడి ఉన్నవాళ్లకు ఇదే జరుగుతుందని చదివాను. అరికాళ్ల కాయలు ఊడిపోతాయి. అక్కడ తేలిపోకుండా పాదాలను కడ్డీల కింద దూర్చి నిలుస్తారు కాబట్టి చర్మం పాదం పైభాగాన గట్టిపడుతుంది. చదివినదాన్ని ఒక రైతు అరికాలిలో చూడటం నాకు అదే మొదటిసారి.

వ్యోమగాముల దగ్గర నేర్చుకున్నది

చాలాకాలంగా నాకు ఈ విషయం మీద ఆసక్తి ఉంది. 1998 ఏప్రిల్ 17న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా షటిల్ న్యూరోల్యాబ్ అనే ప్రయోగశాలను మోసుకెళ్లింది. ఎస్‌టీఎస్-90 యాత్ర అది. ఏడుగురు మనుషులు, దాదాపు 16 రోజులు, 26 ప్రయోగాలు. అన్నీ నాడీవ్యవస్థ మీదే: భారం లేని చోట మెదడు, వెన్నుపాము, లోపలి చెవి, నిద్ర, రక్తపోటును నడిపే నాడులు ఎలా పనిచేస్తాయని. మే 3న తిరిగివచ్చారు. వాళ్లు ప్రయోగాలు చేసినవాళ్లే, ప్రయోగాలకు తమ ఒళ్లు అప్పగించినవాళ్లు కూడా. మోకాలి కింద పక్కగా సాగే నాడిలోకి వెంట్రుక లాంటి సూది గుచ్చి, రక్తనాళాలను బిగించమని మెదడు పంపే సంకేతాన్ని నేరుగా నమోదు చేశారు. నేల మీద, కదలని బల్ల మీద కూడా అది చేయి తిరిగినవాళ్లకే సాధ్యమైన పని. దానికి ఎంత సాధన కావాలో సూది పట్టే వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఆ సాధన కంటే నన్ను ఎక్కువ పట్టుకున్నది ఇంకొకటి. అంతరిక్షంలో చేయబోయే పరీక్షలన్నీ ముందుగా నేల మీద, అవే మనుషుల మీద చేసి కొలతలు రాసి పెట్టుకుంటారు. పడుకుంటే రక్తపోటు ఎంత, వంచితే ఎంత, కళ్లు మూసుకుంటే ఒళ్లు ఎంత ఊగుతుంది. తిరిగి వచ్చాక మళ్లీ అవే పరీక్షలు. మొదటి కొలత లేకపోతే రెండో కొలతకు అర్థం లేదు.

మన రోగులకు ఆ మొదటి కొలత ఉండదు. ప్రమాదం చెప్పి రాదు కదా అనవచ్చు. ముందే తేదీ పెట్టుకున్న ఆపరేషన్లకు కూడా ఉండదు. రక్తపరీక్షలుంటాయి, గుండె పరీక్షలుంటాయి. ఈ మనిషి ఎలా నడుస్తాడు, ఎంతసేపు నిలుస్తాడు, కళ్లు మూసుకుంటే తూలతాడా అన్నది ఏ కాగితంలోనూ ఉండదు. నా వృత్తిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోటు ఇదే.

మంచానికీ అంతరిక్షానికీ చుట్టరికం కొత్తది కాదు. సోవియట్ వ్యోమగాములు కొందరు తిరిగివచ్చాక మంచం మీద పడుకుంటే కాళ్ల వైపు జారిపోతున్నట్టుందని చెప్పేవారు. కాళ్ల వైపు మంచాన్ని ఎత్తితే గానీ వాళ్లకు సమంగా ఉన్నట్టు తోచేది కాదు. ఆ గమనిక నుంచే 1970లలో తల కిందికి వాల్చి పడుకోబెట్టే ప్రయోగాలు మొదలయ్యాయి. ఇప్పుడు ప్రపంచమంతటా వాడే వాలు 6 డిగ్రీలు. మన ఆరడుగుల మంచానికి కాళ్ల వైపు సుమారు 19 సెంటీమీటర్లు ఎత్తితే ఆ వాలు వస్తుంది. ఆరోగ్యవంతులను వారాల తరబడి అలా పడుకోబెట్టి, అంతరిక్షంలో ఒంటికి జరిగేవాటిని నేల మీదే చూస్తారు. కాళ్లలోని రక్తం ఛాతీకీ తలకూ చేరుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందని శరీరం పొరబడి బయటికి పంపేస్తుంది. రక్తం పరిమాణం తగ్గుతుంది. పిక్కలు, తొడలు, వెన్ను కండరాలు కరుగుతాయి.

అయితే ఈ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. మంచం మీద బరువు పోదు, అది లాగే దిక్కు మాత్రమే మారుతుంది. లోపలి చెవిలో సున్నపు రేణువులు పరిచిన చిన్న దిండ్ల లాంటి అవయవాలున్నాయి. తల ఎటు వాలిందో ఆ రేణువుల బరువును బట్టే తెలుస్తుంది. అంతరిక్షంలో వాటికి బరువే ఉండదు కాబట్టి చెవి చెప్పే మాట మొత్తంగా మారిపోతుంది. మంచం మీద పడుకున్న రైతు చెవిలో అవి ఎప్పటిలాగే బరువుగా ఉంటాయి. అందుకే మంచం పోలిక రక్తానికీ కండరానికీ సరిపోయినంతగా చెవికి సరిపోదు. ఇది నాకు తెలుసు. తెలిసీ ఈ కేసులో పొరబడ్డాను. అది తర్వాత చెబుతాను.

తోటలో దొరికిన కొలత

రెండో రోజు ఆయన మనవడిని అడిగాను, తాత నడుస్తున్న వీడియో ఏదైనా ఫోనులో ఉందా అని. తొమ్మిదో తరగతి పిల్లవాడు. కాసేపు వెదికి, ఏప్రిల్‌లో తీసిన ఒక వీడియో చూపించాడు. నీళ్లు పారుతున్న చీనీ చెట్ల వరుస పక్కన తాత చేతులూపుకుంటూ నడిచి వెళ్తున్నారు. వెనక ఎవరో పిలిస్తే ఆగకుండానే తల తిప్పి ఏదో అని, మళ్లీ ముందుకు చూసి సాగిపోయారు.

ఆ తోటలో చెట్టుకూ చెట్టుకూ మధ్య దూరం 6 మీటర్లు. మొదటి చెట్టు నుంచి ఐదో చెట్టు దాకా 24 మీటర్లు. వీడియో కింద కదిలే సెకన్లు చూసి లెక్కపెట్టాం: 20 సెకన్లు. సెకనుకు 1.2 మీటర్లు. పొలం మట్టి మీద, ఒట్టి కాళ్లతో, తల తిప్పుతూ కూడా తగ్గని నడక. అరవై దాటిన మనిషికి అది మంచి వేగం. కొలత కోసం తీయని వీడియోలో కొలత దొరికింది. ఆ అంకెను పెద్దగా రాసి మంచం ఎదుట గోడకు అంటించమన్నాను. పిల్లవాడు స్కెచ్ పెన్నుతో రాశాడు: "తాత — 5 చెట్లు — 20 సెకన్లు".

కండరాల బలం, కీళ్ల కదలిక వివరాలతో ఎక్కువసేపు ఆపను. ఎడమ పిక్క చుట్టుకొలత 28.5 సెంటీమీటర్లు, కుడిది 31. తొడ కండరాలు రెండు వైపులా బలహీనం. చక్కెర వ్యాధి లేదు, విటమిన్ బి12 మామూలుగానే ఉంది. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి ఎముక మీద పెడితే కంపనం తెలిసింది. అంటే పాదం నుంచి కబురు పైకి వెళ్తోంది. పైన దాన్ని ఎవరూ వినిపించుకోవడం లేదు.

ముందు రక్తపోటు

ఆయన నాలుగేళ్లుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నారు. నిలబడితే 92 చూపిస్తున్న అంకెలు పంపితే, ఆయన్ని చూసే వైద్యుడు ఆ మాత్రను తాత్కాలికంగా ఆపారు. గుండె, మూత్రపిండాలు బాగున్నాయని చూసి, రోజూ లేచే ముందు ఉప్పు వేసిన మజ్జిగ రెండు గ్లాసులు తాగడానికి ఒప్పుకున్నారు. షటిల్ రోజుల్లో వ్యోమగాములు భూమికి దిగబోయే ముందు ఉప్పు మాత్రలు మింగి, దాదాపు లీటరు నీళ్లు తాగేవారు. తగ్గిన రక్తం పరిమాణాన్ని కాసేపటికైనా నింపుకోవడానికి. కాళ్లనూ పొట్టనూ బిగించే ప్రత్యేక దుస్తులు తొడుక్కునేవారు. మేం పాదాల నుంచి తొడల దాకా క్రేప్ పట్టీలు చుట్టాం. పొట్టకు బెల్టు కట్టాం.

మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించాను. మొదటి రెండు రాత్రులు ఒక్కొక్కటి, మూడో రాత్రి నుంచి రెండేసి. వ్యోమగాముల ప్రయోగాల్లో తల దించుతారు, మేం తల ఎత్తాం. రాత్రంతా కాళ్ల వైపు కొంచెం బరువు ఉంటే శరీరం నీటిని అంతగా వదిలేయదు. మర్నాడు పొద్దున ఆయన ఫిర్యాదు చేశారు: "రాత్రంతా కిందికి జారిపోతూనే ఉన్నానమ్మా, నిద్ర పట్టలేదు." కాళ్ల దగ్గర మడిచిన బొంత అడ్డం పెట్టించాను. నాలుగో రాత్రికి జారుతున్న భావన పోయింది. మంచం వాలు మాత్రం తగ్గలేదు, ఇంకా పెరిగింది. మారింది మంచం కాదు, దాన్ని కొలిచే మెదడు.

లేవడం మెట్లు మెట్లుగా నేర్పాను. పడుకునే మడమలు పైకీ కిందికీ ఇరవై సార్లు. తర్వాత పక్కకు తిరిగి కూర్చోవడం. కూర్చుని మళ్లీ మడమలు. పిక్క బిగిసినప్పుడల్లా కాళ్లలోని రక్తం పైకి ఎక్కుతుంది. అప్పుడు వాకర్ పట్టుకుని నిలబడటం, మొదటి రోజు నలభై సెకన్లు, అలా పెంచుతూ. ప్రతిసారీ రక్తపోటు చూసి మనవడు నోటుపుస్తకంలో రాసేవాడు. తొమ్మిదో రోజుకు నిలబడిన మూడో నిమిషంలో 114/72. పడుకుని ఉన్నప్పటికీ నిలబడినప్పటికీ తేడా 12 మాత్రమే. నేను సంతోషించాను.

నేను పొరబడిన చోటు

సంతోషించిన రోజే ఆయన మళ్లీ కళ్లు తిరుగుతున్నాయన్నారు. రక్తపోటు చూస్తే బాగానే ఉంది. ఇంకా అలవాటు పడాలి, పడతారులే అనుకున్నాను. "నాలుగు రోజులు ఓపిక పట్టండి పెద్దయ్యా" అని చెప్పి బయల్దేరుతుంటే గడప దగ్గర ఆయన భార్య ఆపింది. "మేడం, ఆయన లేచినప్పుడు కాదు, తెల్లారుజామున కుడిపక్కకు తిరిగినప్పుడే ఇల్లు గిర్రున తిరుగుతోందంటున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఉంది."

పడుకుని ఉన్న మనిషికి పక్కకు తిరిగితే కళ్లు తిరిగితే అది రక్తపోటు కాదు. నా పద్నాలుగేళ్ల అనుభవంలో ఇది నాకు తెలియనిది కాదు. నేను అడగలేదు, అంతే. మంచం పట్టడం, అంతరిక్షం అనే పోలిక నా మనసులో ఎంత బలంగా కూర్చుందంటే, కళ్లు తిరగడం అనగానే రక్తమే కారణమనుకున్నాను. "కళ్లు తిరుగుతున్నాయి" అన్న మన మాటలో కనీసం మూడు వేర్వేరు బాధలు ఇమిడి ఉంటాయి: చూపు మసకేసి పడిపోబోవడం, గది గిర్రున తిరగడం, నిలకడ లేక తూలడం. ఏది అని విడదీసి అడగడం నా పని. తొమ్మిది రోజులు అడగలేదు. ఆ తొమ్మిది తెల్లవారుజాములు ఆయన భయంతో మంచం అంచు పట్టుకుని పడుకున్నారు.

వెనక్కి వచ్చి పరీక్ష చేశాను. తలను కుడివైపు తిప్పి, వేగంగా వెనక్కి పడుకోబెట్టి, కళ్లలోకి చూశాను. మూడు నాలుగు సెకన్లు ఏమీ లేదు. తర్వాత కనుగుడ్లు పైకి కొట్టుకుంటూ మెలితిరగడం మొదలైంది. ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. ఇరవై సెకన్ల తర్వాత అదే ఆగిపోయింది. కుడి చెవి. చెవి లోపలి దిండు మీద ఉండవలసిన సున్నపు రేణువులు ఊడి, తల తిరగడాన్ని పసిగట్టే అర్ధవృత్తాకార నాళాల్లో ఒకదానిలోకి జారిపోయాయి. తలకు దెబ్బ తగిలినా రావచ్చు, వారాల తరబడి పడుకున్నా రావచ్చు. ఈయనకు రెండూ ఉన్నాయి.

చికిత్స మందు కాదు, తలను వరుసగా నాలుగు భంగిమల్లో తిప్పి రేణువులను వెనక్కి దొర్లించడం. ఎప్లీ పద్ధతి అంటారు. మెడ, తుంటి జాగ్రత్తగా చూసుకుంటూ ఆ రోజే చేశాను. మూడు రోజుల తర్వాత మరోసారి. ఆ తర్వాత పరీక్షలో కనుగుడ్లు కదలలేదు. మొదటి చికిత్స మర్నాడే ఆయన ఫోను చేయించారు, రాత్రి కుడిపక్కకు తిరిగి పడుకున్నానని చెప్పడానికి.

లోపలి చెవి విషయంలో నచ్చిన వివరణకు అతుక్కుపోవడం నా ఒక్కదానికే జరిగింది కాదు. రాబర్ట్ బరానీ అనే చెవి వైద్యుడు చెవిలో వేడినీళ్లు, చన్నీళ్లు పోస్తే కనుగుడ్లు ఎందుకు కదులుతాయో వివరించారు. నాళంలోని ద్రవం వేడెక్కి పైకి లేస్తుంది, చల్లబడి దిగుతుంది, అందుకే అని. లోపలి చెవి మీద చేసిన కృషికి 1914 నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది. బరువు లేని చోట వేడెక్కిన ద్రవం పైకి లేవదు కాబట్టి అక్కడ ఆ స్పందన రాకూడదు. 1983లో స్పేస్‌ల్యాబ్-1 యాత్రలో చూస్తే అక్కడా వచ్చింది. ఎంతో చక్కగా కుదిరిన వివరణ కూడా పూర్తి వివరణ కాదని తేలడానికి అంతరిక్షందాకా వెళ్లి కొలవవలసి వచ్చింది.

కళ్లు మూసుకుంటే

రక్తపోటు కుదిరింది, చెవి కుదిరింది. ఇక నడుస్తారనుకున్నాం. నాలుగో వారం ఒక పొద్దున పెరట్లో నీళ్ల తొట్టి దగ్గర నిలబడి ముఖం కడుక్కుంటూ, సబ్బు నురుగు కళ్లలో పడకుండా కళ్లు మూసుకున్నారు. మూసుకోగానే ఒళ్లు ఎడమవైపు ఒరిగిపోయింది. తొట్టి గోడ చేతికి అందబట్టి సరిపోయింది.

ఆ వారం కొలతలు: కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగివచ్చి కూర్చోవడానికి 38 సెకన్లు. వాకర్‌తో పది మీటర్లకు 31 సెకన్లు. గట్టి నేల మీద పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు తెరిచి ముప్పై సెకన్లు నిలిచారు. మెత్తటి పరుపు మడత మీద కళ్లు మూసుకుంటే నాలుగు సెకన్లకే పడిపోబోయారు. గట్టి నేలనూ కంటి చూపునూ తీసేస్తే మిగిలేది లోపలి చెవి, కీళ్ల కబురు. ఆ రెంటినీ ఆయన మెదడు నమ్మడం మానేసింది. పదకొండు వారాలు అరికాలి నుంచి పనికొచ్చే కబురు ఒక్కటీ రాలేదు. వచ్చే దారిని మెదడు మూసేసుకుని, మొత్తం బాధ్యత కళ్ల మీద పెట్టేసింది. దూలాల వైపు చూస్తూ పడుకున్న మనిషికి అది సహజమే.

ఆ రోజుల్లోనే అంతరిక్ష కేంద్రానికి వెళ్లిన భారత వ్యోమగామి శుభాంశు శుక్లా భూమికి తిరిగివచ్చిన వార్తలు పేపర్లలో వస్తున్నాయి. 2025 జూన్ 25న బయల్దేరి జులై 15న తిరిగివచ్చారు. వచ్చాక మంచం మీద ల్యాప్‌టాప్ మూసి, అది గాలిలో తేలుతుందనుకుని పక్కకు వదిలేశానని ఆయన చెప్పిన సంగతి మనవడు తాతకు చదివి వినిపించాడు. అప్పటిదాకా తనకే ఏదో అయిందని, వయసైపోయిందని కుంగిపోతున్న పెద్దాయన లేచి కూర్చుని, "అంత చదువుకున్న పైలట్‌కూ నాలాగే అయిందా?" అని రెండుసార్లు అడిగారు. అవునన్నాను. మెదడు పాత అలవాటు మీదే నడుస్తుంది, కొత్త అలవాటుకు దానికి పని చెప్పాలి అన్నాను. ఆ రోజు నుంచి వ్యాయామం చేయమని ఆయనకు మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది.

మెదడు ఎంత మొండిగా భూమి లెక్కను పట్టుకుంటుందో న్యూరోల్యాబ్‌లో ఒక బంతి ప్రయోగం చూపించింది. పైనుంచి కిందికి వచ్చే బంతిని వ్యోమగామి పట్టుకోవాలి. బరువు లేని చోట బంతి ఒకే వేగంతో వస్తుంది. చేతి కండరాలు మాత్రం అది నేల మీద లాగా వేగం పుంజుకుంటుందని ముందే లెక్క వేసుకుని, తొందరపడి బిగుసుకున్నాయి. కళ్లు చూసినదాని కంటే మెదడు తనకు తెలిసినదాన్నే నమ్మింది.

మేం బంతికి బదులు చీనీ కాయలు వాడాం. పాదాలు దగ్గర పెట్టి నిలబడితే మనవడు ఆరడుగుల దూరం నుంచి విసురుతాడు, తాత పట్టుకుని పక్కనున్న బుట్టలో వేయాలి. మొదట ఛాతీ ఎత్తుకు, తర్వాత ఎడమకు, కుడికి, తల పైకి. కాయ కోసం తల తిప్పక తప్పదు, ఒళ్లు వంచక తప్పదు, కాళ్ల వైపు చూసుకునే తీరిక ఉండదు. కాళ్లు తమ పని తాము చేసుకోవాలి. మొదటి రోజు ఇరవైలో పదకొండు కింద పడ్డాయి. దీంతో పాటు రోజూ ఒట్టి కాళ్లతో నాలుగు రకాల నేల: బండ, మట్టి, ఇసుక, బొంత. ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి, వెనక ఎప్పుడూ ఒకరు కాచుకుని. తలను అటూ ఇటూ తిప్పుతూ గోడ మీది అంకెను చూపు చెదరకుండా చదవడం. ఆ అంకె ఏదో చెప్పక్కర్లేదు.

కొత్త అరికాళ్లకు ఇసుక మొదట్లో మంట పెట్టింది. రెండు వారాల్లో మంట తగ్గి, ఇసుకలో ఉన్న రాయి ఏ వేలి కింద ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగారు.

గట్టు మీద

ఎనిమిదో వారానికి చేతికర్రతో సెకనుకు 0.7 మీటర్లు. బొంత మీద కళ్లు మూసి 17 సెకన్లు. ఆ తర్వాత పదిహేను రోజులు అంకెలు కదలలేదు. అలాంటి రోజుల్లోనే చాలామంది మానేస్తారు. ఆయన మానలేదు.

పన్నెండో వారం అక్టోబర్ చివర. వేరుశనగ పీకుతున్నారు. నన్ను పొలానికి రమ్మన్నారు. ఒక అడుగు వెడల్పున్న గట్టు మీద కర్ర లేకుండా నడిచారు. ఒక చోట మట్టి విరిగి కాలు జారింది. నేను చేయి చాచేలోగా మోకాలు వంచి, చేతులు విప్పి, తమంతట తామే నిలదొక్కుకున్నారు. ఇంటి వరండాలో ఎన్ని కొలతలు తీసినా ఆ ఒక్క క్షణం నాకు చెప్పినంత చెప్పలేదు. జారకుండా నడవడం వేరు, జారి నిలబడటం వేరు. రెండోదే నాడీవ్యవస్థ తిరిగి వచ్చిందనడానికి గుర్తు.

అక్కడి నుంచి తోటకు వెళ్లాం. అదే వరుస, అవే ఐదు చెట్లు, అదే ఫోను. 23 సెకన్లు. వెనక నుంచి మనవడు కావాలనే పిలిచాడు. తాత తల తిప్పి చూశారు, అడుగు కాస్త తడబడింది కానీ ఆగలేదు. కుర్చీ పరీక్ష 13 సెకన్లు. బొంత మీద కళ్లు మూసి ముప్పై సెకన్లు. నిలబడితే రక్తపోటు 136/82, అందుకే వైద్యుడు పాత మాత్రను సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు. ఎడమ పిక్క 30 సెంటీమీటర్లకు వచ్చింది. ఇంకా కుడిదానితో సమానం కాలేదు. ఇరవై సెకన్ల నడకా ఇంకా రాలేదు.

ఇది ఒక్క మనిషి కథ అని తోటి ఫిజియోథెరపిస్టులు గుర్తుంచుకోవాలి. మూడు సమస్యలకూ చికిత్స ఒకదానిలో ఒకటి కలిసిపోయి నడిచింది. కాలంతో పాటు దానంతటదే వచ్చే మెరుగు ఎంత, మేం చేయించినది ఎంత అని విడదీయడం ఈ కేసులో కుదరదు. రేణువుల చికిత్స ఫలితం మాత్రం వెంటనే కనిపించింది కాబట్టి దాని విషయంలో నాకు అనుమానం లేదు.

డిసెంబర్‌లో ఆయన భార్యకు మోకీలు మార్పిడి ఆపరేషన్ తేదీ ఇచ్చారు. పది రోజుల ముందే ఇద్దరూ బస్సులో టౌనుకు, నా క్లినిక్‌కు వచ్చారు. ఎవరూ అడగకముందే ఆయన కుర్చీ ముందుకు లాగి, "ముందు ఈమెను కొలవండమ్మా" అన్నారు. పడుకుని, కూర్చుని, నిలబడి రక్తపోటు. కుర్చీ నుంచి మూడు మీటర్లు. కళ్లు తెరిచి, మూసి. రెండు పక్కలకూ తిప్పి చెవి పరీక్ష. ఆపరేషన్ మర్నాటి నుంచి చేయవలసిన మడమల వ్యాయామం, వాకర్‌తో లేచే పద్ధతి ఆ రోజే నేర్పాను. ఇంకా నొప్పి లేని ఒంటితో, తొందర లేకుండా, నాలుగుసార్లు చేసి చూపించింది. అంకెలన్నీ కార్డు మీద రాసి ఇస్తే, ఆయన దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.